ద్రాక్షతోట ఆయనది, దుకాణం నాది

మా దుకాణం అబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు దగ్గర గల్లీలో ఉంది. ముందు భాగంలో కాలేజీ ప్రయోగశాలలకు కావలసిన గాజు సామాను ఉంటుంది. వెనక గదిలో వైన్ తయారుచేసేవాళ్లకు కావలసిన సరుకు ఉంటుంది. ఈస్ట్ పొట్లాలు, రసం వడపోసే ఫిల్టర్ షీట్లు, సంచుల నిండా సీసా బిరడాలు, ద్రాక్షరసంలో తీపి ఎంతుందో చూసి చెప్పే చిన్న దుర్భిణి లాంటి పరికరాలు. ఇంట్లో మందు ముట్టేవాళ్లు లేరు, మీకీ వ్యాపారం ఏమిటని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. అడిగినప్పుడల్లా ఒకే మాట చెబుతాను: గోలీలమ్మే వాళ్లకు రోగాలుండాలా?

దుకాణం కొన్నది మా మామగారు. అంతకు ముందు ఆయనకు మేడ్చల్ దారిలో ద్రాక్షతోట ఉండేది. వైన్ ద్రాక్ష కాదు, తినే ద్రాక్ష. లావుగా, లేతాకుపచ్చగా, పొడుగ్గా ఉండే అనాబ్ రకం. అప్పట్లో హైదరాబాదు చుట్టూ ఎటు పోయినా అవే పందిళ్లు ఉండేవట. ఊరు పెరుగుతూ పెరుగుతూ తోట గట్టు దాకా వచ్చాక మామగారు నేల అమ్మేసి, పట్నంలో నీడపట్టున బతుకుదామని ఈ దుకాణం తీసుకున్నారు. మా ఆయన అప్పుడు బడికి పోయే పిల్లవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు పందిరి కింద గోనెసంచి పరుచుకుని పడుకునేవాడినని, కళ్లు తెరిస్తే ఆకుల మధ్య నుంచి గుత్తులు మొహం మీదికి వేలాడుతుండేవని చెబుతూ ఉంటారు.

పెళ్లయిన కొత్తలో ఒకసారి నన్ను స్కూటర్ మీద ఆ చోటికి తీసుకుపోయారు. అక్కడ వరసగా అపార్టుమెంట్లు ఉన్నాయి. ఆయన ప్రహరీగోడ పక్కన నిలబడి బావి ఎక్కడుండేదో, పంపుసెట్టు గది ఎక్కడుండేదో చేత్తో గాలిలో గీసి చూపిస్తున్నారు. గేటు దగ్గరి వాచ్‌మన్ లేచి వచ్చాడు.

"ఎవరు కావాలె సార్?"

ఆయన కాసేపు ఆలోచించి, "ఎవరు లేరు" అన్నారు. ఇంకెప్పుడూ అటు పోలేదు.

నేను నాంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న సర్కారు దఫ్తరులో గుమాస్తా. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుకున్నాను గానీ, అది ఎక్కడైనా పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. మామగారికి చూపు మందగించి దుకాణంలో కూర్చోవడం కష్టమైనప్పుడు, "కోడలు చదువుకున్నది గదా, కూసోనీ" అన్నది ఆయనే. అలా గల్లా ముందు కూర్చున్నాను. ఏ గొట్టం దేనికి వాడతారో, ఏ మందు దేనితో కలిస్తే పొగ వస్తుందో నాకు తెలుసు. కొనడానికి వచ్చే లెక్చరర్లు మొదట మా ఆయనను అడిగేవాళ్లు, తరవాత తరవాత నన్నే అడగడం మొదలుపెట్టారు. పొద్దున షట్టర్ ఎత్తగానే గాజు మీద వెలుతురు పడడం నాకు ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరికీ చెప్పలేదు. దుకాణం అంటే ఇష్టమని ఆడది చెబితే నవ్వుతారని.

మా ఆయనకు ఆ దుకాణం ఎప్పుడూ నచ్చలేదు. చెడ్డగా చూసుకున్నారని కాదు. సరుకు తెచ్చేవారు, ఊళ్లు తిరిగి ఇచ్చివచ్చేవారు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవారు కాదు. కానీ గల్లా ముందు కూర్చుంటే ఆయన చూపు ఎప్పుడూ గల్లీ చివరికే ఉండేది. ఎవరి కోసం చూస్తున్నారని అడిగితే ఉలిక్కిపడేవారు.

వైన్ సామాను వ్యాపారం మొదలుపెట్టింది మాత్రం నేనే. ఒకరోజు ఒకాయన వచ్చి తీపి చూసే పరికరం కావాలన్నాడు. కర్ణాటక సరిహద్దు దాటాక కొత్తగా పెట్టిన ఒక వైనరీలో పనిచేస్తున్నానని, అన్నీ పుణె నుంచి తెప్పించుకోవాల్సి వస్తుందని వాపోయాడు. నేను ఏమేం కావాలో అడిగి, ఎక్కడెక్కడ దొరుకుతాయో కనుక్కుని, తెప్పించి పెట్టాను. మనిషి మనవైపు వాడే, సంగారెడ్డి దగ్గరి పల్లె. నన్ను అక్క అనేవాడు. అతని ద్వారా ఇంకో వైనరీ, ఆ వైనరీ ద్వారా మరొకటి. కొన్నేళ్లలో వెనక గది నిండిపోయింది.

ఒక జనవరిలో ఫిల్టర్ షీట్లు అర్జెంటుగా కావాలని ఆ తమ్ముడు ఫోన్ చేస్తే, పార్సిలు చేసే బదులు మా ఆయనే స్వయంగా పట్టుకుపోయారు. సాయంత్రానికి రావలసిన మనిషి మరునాడు వచ్చారు. చెప్పులకు ఎర్రమట్టి అంటుకుని ఉంది. భోజనం ముందు కూర్చుని అన్నం కలుపుతూ అన్నారు.

"నేను తోట పెడ్త."

"ఏం తోట?"

"ద్రాక్షతోట. వైన్ ద్రాక్ష. జహీరాబాద్ అవతల నేల కౌలుకు దొరుకుతుందట, ఎర్ర మొరం నేల. పండిస్తె వాళ్లే కొంటమంటున్నరు."

"మరి దుకాణం?"

"దుకాణం నువ్వే గదా నడిపిస్తున్నవ్. నేనున్నా లేకున్నా నడుస్తది."

దుకాణం నడుస్తుంది, నేనెట్లా నడవాలి అని అడగాలనుకున్నాను. కానీ ఆయన మొహం చూశాను. పెళ్లయినప్పటి నుంచి నేను ఆ మొహాన్ని అంత వెలుగుతో చూడలేదు. పప్పు వడ్డించి, "మోకాళ్ల నొప్పులు గదా, చూస్కొని చెయ్యుండ్రి" అన్నాను. ఆయన దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నారు. నిజానికి అది ఒప్పుకోలే.

అప్పటికి మా అమ్మాయికి పెళ్లయి కాచిగూడలో ఉంది. చిన్న కొలువు చేసుకుంటుంది. "ఈ వయసుల ఏందమ్మా గిది, డాడీకి నువ్వన్నా చెప్పవా?" అని నన్ను తిట్టింది.

ఆయన తోటకు పోయాక నాంపల్లి ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయింది. స్టేషన్ వెనక వీధిలో మొదటి అంతస్తులో మాకు కిరాయి పోర్షన్. మూడు గదులే. ఇద్దరం ఉన్నప్పుడు ఒకరికొకరం అడ్డు తగులుతూ తిరిగేవాళ్లం. ఇప్పుడు గదిలోంచి గదిలోకి పోతే నా కాళ్ల చప్పుడు నాకే వినిపించేది. చాయ్ రెండు గ్లాసులకు పెట్టి, పొంగాక గుర్తొచ్చేది. ఆయన వార్తాపత్రిక చదువుతూ గొణుక్కుంటారు. ఏళ్ల తరబడి ఆ గొణుగుడు మీద విసుక్కున్నాను. అది లేని పొద్దుటి పూట పత్రిక తెరవబుద్ధి కాక, వేయించుకోవడమే మానేశాను.

ఆదివారాలు వచ్చేవారు. బీదర్ నుంచి వచ్చే బండి జహీరాబాద్‌లో ఎక్కితే నేరుగా నాంపల్లిలో దిగవచ్చు. నేను ప్లాట్‌ఫారం మీదికి పోయి నిలబడేదాన్ని. ఇంటి నుంచి నడిచేంత దూరమే, ఆయనకు దారి తెలియక కాదు. దిగేటప్పుడు రైలు డబ్బా తలుపులో ఆయన కనబడే ఆ క్షణం నాకు కావాలి. వారం వారం కొంచెం నల్లబడుతూ, కొంచెం సన్నబడుతూ దిగేవారు. ఇద్దరం కలిసి అబిడ్స్ దాకా నడిచేవాళ్లం. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కదా, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరిచి ఉండేవి. ఆ పుస్తకాల మధ్య జాగ్రత్తగా కాళ్లు వేస్తూ ఆయన తోట గురించి చెప్పేవారు. అంటు ఎక్కడ కట్టారు, ఇనుప తీగలు ఏ వరస దాకా లాగారు, బోరులో నీళ్లు ఎట్లున్నాయి. నేను వింటూ ఆయన చెయ్యి చూసేదాన్ని. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలి కింద కాయ కాసింది.

తినే ద్రాక్ష తెలిసిన మనిషికి వైన్ ద్రాక్ష అంత తొందరగా అర్థం కాలేదు. పందిరి వెయ్యకూడదట, కంచెలాగా తీగలు కట్టి వరసలు పెట్టాలట. నీళ్లు ఎక్కువ పెట్టకూడదట. మొదటి గుత్తులు దిగిన ఏడు ఒక మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ చేశారు. గొంతు బాగాలేదు.

"ఇయ్యాల సగం గుత్తులు కోసి కింద పడేసినం."

"ఎందుకు? తెగులొచ్చిందా?"

"తెగులు లేదు, ఏం లేదు. మంచి గుత్తులే. వైనరీ తమ్ముడొచ్చి పక్కన నిలబడి కోయించిండు. కొమ్మకు ఇన్నే ఉండాలెనట. ఎక్కువుంటె రసం పల్సగైతదట."

"కోసిన్రు గదా, అయిపాయె."

"మా నాయిన చూస్తె కొడ్తుండె నన్ను. కాయ ఎంత లావుంటె అంత మంచిదని నేర్పిండు మా నాయిన. వీళ్లేమో చిన్నగుంటెనే మంచిదంటరు. తోలు మందంగుండాలెనట. తింటె నోట్లకు గింజలే వస్తయి. నాకేం తెల్వదు, నాకు తెలిసిందంతా ఇక్కడ ఉల్టా."

ఎదురుగా ఎవరో కొలత గ్లాసు కోసం నిలబడి ఉన్నారు. వాళ్లను చేత్తో ఆగమని, ఆయన మాట్లాడుతున్నంతసేపూ విన్నాను. యాభై దాటాక ఒక పని మొదటి నుంచి నేర్చుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అయినా ఆయన మానలేదు. ఆ తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చేశారు. రెండో ఏటికి కోసి పడెయ్యడం గురించి ఫిర్యాదు చెయ్యడం తగ్గింది. "ఇది వేరే పంట, అంతే. ద్రాక్ష అనుకుంటెనే పరేశాన్" అన్నారు ఒక ఆదివారం నవ్వుతూ.

పూర్తి కోత రావలసిన సంవత్సరం వచ్చింది. ఫిబ్రవరి చివర. తీపి ఎక్కుతోందని రోజూ ఫోన్‌లో చెప్పేవారు. ఇంకొక్క వారం ఆగితే చాలు అన్నారు. ఒక సాయంత్రం హైదరాబాదులో కూడా ఆకాశం నల్లబడి గాలి లేచింది. మాకు నాలుగు చినుకులు పడి పోయాయి. మరునాడు పొద్దున షట్టర్ ఎత్తగానే ఫోన్ మోగింది.

"రాళ్లవాన పడ్డది."

"ఎంత?"

గాలి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. వెనక ఎవరో ఆడవాళ్లు ఏదో మాట్లాడుతున్నారు.

"నేనొస్తున్న" అన్నాను.

"నువ్వొచ్చి ఏం చేస్తవ్?"

"ఏం చెయ్య. మీ పక్కన కూసుంట."

షట్టర్ దించి, తాళం వేసి, దొరికిన బండి ఎక్కాను. అప్పటి దాకా నేను తోటకు పోనే లేదు. ఎప్పుడూ ఏదో పని. స్టేషన్ నుంచి ఆటోలో పోతుంటే రోడ్డు పక్క కందిచేలు, చెరకు, మధ్యలో ఎర్రటి మట్టి. తోట గట్టు మీద ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆకులు చిల్లులు పడి చింపిరిగుడ్డల్లా వేలాడుతున్నాయి. గుత్తులు చితికి, రసం కారి, మట్టి మీద నల్లగా చారలు కట్టింది. అప్పుడే ఈగలు ముసిరాయి. తీపి వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను చూసి, "చెప్పులు ఖరాబైతయి నీయి" అన్నారు. అంతే. కాసేపటికి ఆయన భుజం నా భుజానికి ఆనింది. బయట, అందరి ముందు, ఆయన అట్లా ఆనుకోవడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం వైనరీ తమ్ముడు వచ్చి వరసలన్నీ తిరిగి చూశాడు. పడమటి వైపు వరసలు పోయాయి. తూర్పు వైపు, చిన్న గుట్ట చాటున ఉన్న వరసల్లో కొన్ని గుత్తులు బతికాయి. "అన్నా, పగిలినయి ఏరి తీసేసి మంచియి కోస్తె మేం తీస్కుంటం. కానీ తొందరగ కోయాలె. వారం దాటితె అన్నీ కుళ్లుతయి" అన్నాడు. ఊళ్లోని ఆడవాళ్లు కోతకు వచ్చారు. నేనూ కత్తెర పట్టుకున్నాను.

నేను వెంటనే తిరిగి వెళ్లలేదు. వారం ఉండిపోయాను. ఒక్కో గుత్తి చేతిలోకి తీసుకుని, చితికిన కాయలు కత్తెర మొనతో తీసేసి, మంచివి బుట్టలో వెయ్యడం. వేళ్లు ఊదారంగుకు తిరిగి కడిగినా పోలేదు. కోతకు వచ్చిన ఆడవాళ్లు నన్ను "పట్నపు అవ్వ" అన్నారు, తరవాత "వదిన" అన్నారు. ఆయన వాళ్లతో జోకులేసేవారు. ఆయనకు జోకులు వేయడం వచ్చని నాకు తెలియదు. దుకాణంలో అంత మెల్లగా మాట్లాడే మనిషి ఇక్కడ ఈ వరస నుంచి ఆ వరసకు వినబడేలా కేకేసేవారు. మధ్యాహ్నం రేకుల షెడ్డులో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తిని, చాప మీద పక్కపక్కన నడుం వాల్చేవాళ్లం. పంట పోయిన ఇల్లు అది. ఏడవవలసిన వారం. మా కాపురంలో నేను అంత సుఖంగా ఎప్పుడూ లేనని ఎవరికి చెప్పినా నమ్మరు.

ఈ లోపు నా ఫోన్ మోగుతూనే ఉంది. ద్రాక్ష కోతల కాలమంటే వైనరీలన్నిటికీ ఒకేసారి పని. రసం తొట్లలో పడ్డాక ఈస్ట్ కావాలంటే ఆ రోజే కావాలి, రేపు ఇస్తానంటే కుదరదు. "అమ్మా, దుకాణం బంద్ ఉన్నదేంది?" అని ఒకరు. "అక్కా, మీ మీద భరోసా పెట్టుకున్నం" అని ఇంకొకరు. ఒక వైనరీ వాళ్లు రెండు రోజులు చూసి పుణె నుంచి తెప్పించుకున్నారు. మళ్లీ ఎన్నడూ నా దగ్గరికి రాలేదు. వాళ్ల తప్పేమీ లేదు.

కోత అయిపోయిన రోజు సాయంత్రం ఎండ పడమటికి వాలాక, ఇద్దరం చివరి వరసలో తెగిన తీగలు కడుతున్నాం.

"ఉండిపో" అన్నారు ఆయన, తీగ మీద నుంచి చూపు తిప్పకుండా.

"ఇంకెన్ని రోజులు?"

"రోజులు కాదు. ఉండిపో ఈడనే."

"దుకాణం?"

"అమ్మేద్దం. లేకుంటె కిరాయికిద్దం."

ఉండిపోవాలని లోపల ఎంత ఉందో నాకే తెలుసు. ఆ షెడ్డు, ఆ చాప, ఆ రొట్టె వాసన. కానీ షట్టర్ ఎత్తే వేళ కూడా కళ్ల ముందుకొచ్చింది. నా చదువు, నా చేతులు పనికొచ్చిన చోటు అదొక్కటే.

"మీ నాయిన తోట అమ్మినప్పుడు మీరేమన్నరు?" అని అడిగాను.

"నేనేమంటా? చిన్నోన్ని."

"నేను చిన్నదాన్ని గాను."

ఆయన చేతులు ఆగాయి. నా వైపు చూశారు. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. "ఔ" అన్నారు మెల్లగా. తీగ చివర మెలి తిప్పి, కత్తిరించి, తరవాతి కొమ్మ దగ్గరికి పోయారు. ఆ మాట మళ్లీ మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఆయన అడగలేదు, నేను కాదనలేదు. మరునాడు బండి ఎక్కాను. వికారాబాద్ దాటే దాకా కిటికీలోంచి చూస్తూ, చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్న ముసలామె, "ఎవరన్నా పోయిన్రా బిడ్డా?" అని అడిగింది. లేదమ్మా, ఉన్నరు అన్నాను.

ఆ తరువాతి సంవత్సరం పంట మంచిగా వచ్చింది. రాళ్లవాన పడలేదు, తెగులు రాలేదు. బుట్టలు నింపుకుని వ్యాను సరిహద్దు దాటుతుంటే వెనక తాను కూడా ఎక్కి కూర్చున్నానని, వైనరీ గేటు దాకా పోయానని ఫోన్‌లో గట్టిగా నవ్వుతూ చెప్పారు. ఆ నవ్వు నేను చెవులతో మాత్రమే విన్నాను. దుకాణం ముందు ఇద్దరు మనుషులు ఈస్ట్ కోసం నిలబడి ఉన్నారు.

ఆ ద్రాక్షతో చేసిన వైన్ ఏడాదికి పైగా గడిచాక సీసాల్లోకి ఎక్కి బయటికొచ్చింది. అది విన్నప్పటి నుంచి ఒక సీసా చూడాలని నాకు పట్టుదల. మన ఊళ్లో మందు దుకాణాలన్నిటికీ పేరు వైన్స్ అనే కదా. ఒక మధ్యాహ్నం దుకాణం పక్కవాళ్లకు అప్పజెప్పి, చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, అబిడ్స్ రోడ్డు మీద ఒక వైన్స్ కిటికీ దగ్గర నిలబడ్డాను. ముందున్న మగవాళ్లు ఒక్కసారిగా పక్కకు జరిగారు.

"ఏం కావాలమ్మా?"

"వైన్ ఉన్నదా?"

"ఏందీ?"

"వైన్. ద్రాక్షది."

కౌంటరు మీది మనిషి వెనక్కి తిరిగి అరల వైపు చూసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "గది ఎవరు తాగుతరమ్మా ఈడ? బీరుంది, బ్రాందీ ఉంది, విస్కీ ఉంది."

"బోర్డు మీద వైన్స్ అని రాసిన్రు గదా?"

"గది పేరమ్మా."

పక్కకు జరిగినవాళ్లలో ఒకతను ఎంతో మర్యాదగా, "సారుకేనా మేడం? బ్రాందీ తీస్కపోండ్రి, ఖుష్ అయితడు" అని సలహా ఇచ్చాడు. నాకు నవ్వు ఆగలేదు. నాంపల్లి వైపు ఇంకో రెండు చోట్ల అడిగాను. ఎక్కడా లేదు. చివరికి వైనరీ తమ్ముడే సరుకు కోసం వచ్చినప్పుడు ఒక సీసా తెచ్చి గల్లా మీద పెట్టాడు. "అక్కా, గిది అన్న తోటదే. పక్క తోటల కాయ కూడా కల్సింది, కానీ ఎక్కువ అన్నదే" అన్నాడు.

ఆదివారం దాకా దాచాను. ఆయన వచ్చాక భోజనాలు చేసి, కిటికీ పక్కన కూర్చుని, బిరడా తీశాం. బిరడా నా దుకాణం నుంచి పోయినదే. స్టీలు గ్లాసుల్లో వద్దని ఆయనంటే, దుకాణం నుంచి కడిగి తెచ్చిన రెండు గాజు బీకర్లలో కొంచెం కొంచెం పోశాను. ఇద్దరం మొదటిసారి తాగడం. నాలుక మీద పులుపు, తరవాత పచ్చి జామకాయ కొరికినట్టు వగరు. మింగాక గొంతులో వెచ్చగా ఏదో జారింది. నాకు నచ్చలేదు. ఆయనకు కూడా నచ్చలేదని మొహం చూస్తే తెలుస్తోంది. కానీ ఆయన ఇంకో గుక్క తాగారు, ఇంకోటి తాగారు, కళ్లు మూసుకుని నోట్లో తిప్పుతూ ఉన్నారు.

"దీంట్ల మన తోట ఏడున్నదే?" అన్నారు చివరికి.

నేను కూడా అదే వెతుకుతున్నాను. ఆ వారం వచ్చిన తీపి వాసన కోసం, వేళ్లకంటిన రంగు కోసం, చాప మీది మధ్యాహ్నం కోసం. ఏదీ దొరకలేదు. "తెలిసినోళ్లకు తెలుస్తదేమో" అన్నాను. ఆయన బీకరును ఎండకు పట్టి చూశారు. "రంగైతె మంచిగుంది" అన్నారు. మిగిలింది సీసాలోనే వంటింటి అరలో చాలాకాలం ఉండి పులిసిపోయింది.

ఇప్పుడు మా జీవితం ఇట్లా ఉంది. కోతలప్పుడు నేను పోలేను, నాకు అదే సీజను. వరసల నిండా గుత్తులు నల్లబడి, ఆకులు వెలిగే తోటను నేను ఇప్పటి దాకా సరిగ్గా చూడలేదు. చితికిన తోటను చూశాను, అంతే. నాకు తీరిక దొరికేది ఎండాకాలంలో, కాలేజీలకు సెలవులిచ్చి, వైనరీల పనులు సద్దుమణిగాక. అప్పటికి ఆయన కొమ్మలన్నీ కత్తిరించేసి ఉంటారు. మోడుల వరసలు, వట్టి తీగలు, కాలిపోయే మట్టి. చూడడానికి ఏమీ ఉండదు. అయినా పోతాను. పొద్దున్నే కలిసి వరసల మధ్య నడుస్తాం. కణుపు మీది మొగ్గలు తాకి, ఈ కన్ను నుంచి కొమ్మ వస్తుంది, ఇది గుడ్డిది, దీన్ని నమ్మొద్దు అని చూపిస్తారు. నేను ఊ కొడుతూ, ఆకులుంటే ఎట్లుండేదో ఊహించుకుంటాను.

మోకాళ్లు అరిగిపోయి ఆయన ప్రతి ఆదివారం రావడం తగ్గింది. అమ్మాయి మాత్రం విడిచిపెట్టదు. "ఇద్దర్ల ఎవరో ఒకరు కదలాలె గదమ్మా. గిట్ల ఎన్నేండ్లు?" అంటుంది. ఎవరు కదిలినా ఇంకొకరి దగ్గర మిగిలేది ఆ మనిషిలో సగమే అని దానికి ఎట్లా చెప్పను? తోట లేని ఆయనను నేను పాతికేళ్లు చూశాను. గల్లీ చివరికి చూస్తూ కూర్చునే ఆ మనిషిని మళ్లీ తెచ్చుకోవాలని లేదు. ఆయన కావాలని ఉంది. రెండూ ఒకటి కావు.

మొన్న మే నెలలో తోటలో కొన్ని రోజులుండి తిరిగి వస్తున్నాను. ఆయన జహీరాబాద్ స్టేషన్ దాకా వచ్చి, నా సంచి డబ్బాలో పెట్టి, దిగకుండా పక్కన కూర్చున్నారు. బండి కదిలింది.

"దిగుండ్రి, కదులుతున్నది" అన్నాను కంగారుగా.

"వికారాబాద్ దాకా వస్త. ఆడ దిగి వాపస్ పోత."

మాట్లాడుకుంటూ కూర్చున్నాం. పెద్ద మాటలేమీ కావు. బోరు మోటారు గురించి, అమ్మాయి అత్తగారి ఆపరేషన్ గురించి. వికారాబాద్ వచ్చింది. ఆయన కిటికీలోంచి ప్లాట్‌ఫారం వైపు చూశారు, పల్లీల పొట్లం కొన్నారు, మళ్లీ వచ్చి కూర్చున్నారు. బండి కదిలింది. నేను ఏమీ అనలేదు. అంటే దిగిపోతారేమోనని భయం. లింగంపల్లి వచ్చింది, బేగంపేట వచ్చింది, లక్డీకాపూల్ దాటాం. నాంపల్లిలో ఇద్దరం దిగాం.

"ఏం పని మీద వచ్చిన్రు?" అన్నాను ప్లాట్‌ఫారం మీద.

"పనేం లేదు."

స్టేషన్ బయట హోటల్లో చాయ్ తాగాం. ఆయన తన సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ ఉన్నారు. ఇంటికి పోదాం రండి అంటే, పైపులు కట్టెయ్యలేదు, పొద్దుగాల నీళ్లు పెట్టాలె అన్నారు. ఇంకో చాయ్ చెప్పాను. అది కూడా అయిపోయింది. సాయంత్రం బండి అదే ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఈసారి ఆయన ఎక్కారు, నేను కింద నిలబడ్డాను. కిటికీ కడ్డీల మీద పెట్టిన ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టాను. చుట్టూ జనం ఉన్నారు. తియ్యలేదు.

"మోకాళ్లకు నూనె రాస్కోండ్రి" అన్నాను.

"రాస్త. నువ్వు జర టైముకు తిను."

బండి పోయాక కాసేపు అక్కడే ఉన్నాను. తరవాత బయటికి వచ్చి, తోపుడుబండి మీద తోటకూర, టమాటాలు తీసుకుని, ఇంటికి నడిచాను.